సహాయ పత్రాలలో ఈమెయిలు చిరునామాను పెద్ద అక్షరాలతో రాయాలా, చిన్న అక్షరాలతోనా?

కరదీపిక:

అందరికీ నమస్కారం. మా బృందం ఒక సాఫ్ట్‌వేరుకు వాడుకరి పత్రాలను సిద్ధం చేస్తోంది. అచ్చుకు పంపే ముందు మొత్తం ఒకసారి చదువుతుండగా, ఒకే సహాయ చిరునామా మూడు రూపాలలో కనిపించింది. లోపలి పుటలలో అన్నీ చిన్న అక్షరాలే ఉన్నాయి. పరిచయ అధ్యాయంలో ‘సపోర్ట్’ అన్న మాటకు మొదటి అక్షరం ఒక్కటే పెద్దది. వెనుక అట్ట మీదనేమో చిరునామా ఆసాంతం పెద్ద అక్షరాలతో ఉంది. (ఈ వేదికలో రోమన్ లిపిలో రాసిన చిరునామా వెంటనే లంకెగా మారిపోతుంది కనుక నమూనాలను తెలుగు లిపిలోనే ప్రస్తావిస్తున్నాను.)

రాసినవారిని అడిగితే ఒకరు అలవాటు అన్నారు. ఇంకొకరు, అది ఒక విభాగం పేరు కాబట్టి పెద్ద అక్షరంతోనే మొదలు కావాలన్నారు. అట్ట రూపొందించినవారు, చుట్టూ ఉన్న శీర్షికలన్నీ పెద్ద అక్షరాలలో ఉన్నందున చిరునామా ఒక్కటే వేరుగా ఉంటే పొంతన కుదరదన్నారు. ఎలా రాసినా ఉత్తరం చేరుతుందన్న మాట మాత్రం ముగ్గురూ చెప్పారు. మూడు రూపాలకూ పంపి చూశాను, మూడూ చేరాయి.

అయినా నాకు తృప్తి కలగలేదు. చేరడం ఒక్కటే కొలమానం అయితే పత్రంలో ఒకే రూపం ఉండాలని పట్టుబట్టడానికి నాకు ఆధారం లేదు. మన లిపిలో పెద్ద, చిన్న అక్షరాల భేదమే లేదు కనుక తెలుగులో రాసేవారికి ఈ విషయంలో సహజమైన ఇంగితం కూడా ఉండదు. నియమం ఏమిటో, ఆ నియమానికి కారణం ఏమిటో తెలిసినవారు వివరించగలరా?

తపాలాద్వారం:

కరదీపిక గారూ, నేను చాలాకాలంగా మెయిల్ సర్వర్లను నిర్వహిస్తున్నాను. ఉత్తరం చేరింది కనుక తేడా లేదన్న నిర్ణయం సగమే సరైనది. యాట్ గుర్తుకు కుడివైపు ఉండే డొమైను ఒక నియమానికి, ఎడమవైపు ఉండే స్థానిక భాగం మరొక నియమానికి లోబడి ఉంటాయి.

డొమైను సంగతి తేలిక. డొమైను పేర్లను బట్టి సర్వర్లను వెతికిపెట్టే డీఎన్‌ఎస్ వ్యవస్థలో పేర్లను పోల్చేటప్పుడు రోమన్ అక్షరాల పెద్ద, చిన్న భేదాన్ని లెక్కలోకి తీసుకోరు. ఇంటర్నెట్ పద్ధతులను వివరించే ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాల వరుసలో 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4343 ఈ ఒక్క విషయాన్ని స్పష్టం చేయడానికే వెలువడింది. కాబట్టి ‘ఎగ్జాంపుల్.కామ్’ను ఏ అక్షరాలతో రాసినా అది ఒకే డొమైను.

ఎడమవైపు కథ వేరు. ఈమెయిలు రవాణాకు ఆధారమైన ఆర్‌ఎఫ్‌సీ 5321 (2008) ప్రకారం స్థానిక భాగంలో అక్షర భేదం అర్థవంతమైనదిగానే పరిగణించాలి, దారిలో ఉత్తరాన్ని అందుకునే సర్వర్లు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలి. స్థానిక భాగాన్ని అర్థం చేసుకునే అధికారం గమ్యస్థానంలో ఉన్న సర్వరుకు మాత్రమే ఉంది, మధ్యలోని వారికి లేదు. కొన్ని యంత్రాలలో చిన్న ఎస్‌తో మొదలయ్యే ‘స్మిత్’, పెద్ద ఎస్‌తో మొదలయ్యే ‘స్మిత్’ వేర్వేరు వాడుకరులు కావచ్చునని ఆ పత్రమే ఉదాహరణ ఇస్తుంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో లాగిన్ పేర్లకు అక్షర భేదం ఉండేది, మెయిల్ పెట్టెలు ఆ పేర్ల మీదే ఏర్పడేవి, కనుక ఈ జాగ్రత్త సహేతుకమే. అయితే ఆ వెసులుబాటును వాడుకుని పెట్టెలు సృష్టిస్తే పరస్పర వ్యవహారానికి ఆటంకం కలుగుతుందని, అలా చేయవద్దని కూడా అదే పత్రం హితవు చెబుతుంది.

అందువల్ల నేడు వాడుకలో ఉన్న పెద్ద మెయిల్ సేవలన్నీ ఎడమవైపు కూడా భేదం చూడకుండానే ఉత్తరాన్ని పెట్టెలో వేస్తున్నాయి. మీ మూడు ఉత్తరాలూ చేరడం మీ సర్వరు పెట్టుకున్న పద్ధతి వల్ల జరిగింది. ఇంకొకరి సర్వరు గురించి ఆ ప్రయోగం ఏమీ రుజువు చేయదు.

పట్టికలపని:

తపాలాద్వారం గారి వివరణకు ధన్యవాదాలు. ఆచరణలో ఎవరూ భేదం చూడటం లేదు కనుక అన్నిటినీ చిన్న అక్షరాలలోకి మార్చివేయడమే సులువైన మార్గమని నా అభిప్రాయం. మేము డేటాబేసులో చిరునామాలను చిన్న అక్షరాలలోకి మార్చే భద్రపరుస్తాము. అలా చేయకపోతే ఒకే మనిషి రెండుసార్లు నమోదు కావడం, తన ఖాతా తనకే దొరకకపోవడం తప్పదు. పత్రాలకూ అదే సూత్రం పెట్టుకుంటే గొడవ ఉండదు.

తపాలాద్వారం:

పట్టికలపని గారూ, పత్రంలో రాయడం, డేటాబేసులో భద్రపరచడం, రెండు చిరునామాలను పోల్చడం అనే మూడు పనులను మీరు ఒకే గాటన కడుతున్నారు. పత్రంలో రాసేది మన సొంత చిరునామా, దాని రూపాన్ని నిర్ణయించే హక్కు మనకు ఉంది. వాడుకరి ఇచ్చిన చిరునామా ఆయనది, ఆయన సర్వరు దాన్ని ఎలా చదువుతుందో మనకు తెలియదు. ఆయన టైపు చేసినదాన్ని అలాగే ఒక గడిలో ఉంచి, పోల్చడానికి మాత్రం చిన్న అక్షరాల రూపాన్ని వేరుగా వాడితే మీకు కావలసిన ఏకత్వం దక్కుతుంది, ఉత్తరం పంపేటప్పుడు అసలు రూపమూ చెడదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసులో చిన్న అక్షరాల రూపం మీద ఏకైక సూచిక (ఒకే విలువ రెండుసార్లు చేరకుండా చూసే యూనిక్ ఇండెక్స్) పెట్టుకుంటే సరిపోతుంది, లేదా అక్షర భేదం చూడని ‘సీఐటెక్స్ట్’ రకాన్ని వాడవచ్చు.

పట్టికలపని:

అంగీకరిస్తున్నాను. మేము అసలు రూపాన్ని పారేస్తున్నామన్న సంగతి ఇంతవరకు నాకు తట్టలేదు. పాత వరుసలను ఇప్పుడు తిరిగి తెచ్చుకునే వీలు లేదు, కొత్తగా వచ్చేవాటికైనా రెండో గడి చేరుస్తాను.

తర్జుమా:

నేను ఆంగ్ల సహాయ పత్రాలను తెలుగులోకి అనువదిస్తుంటాను. తెలుగులోనే ఎదురయ్యే ఒక చిక్కును ఇక్కడ చెప్పాలి. ఆంగ్ల వాక్యంలో క్రియ ముందు వస్తుంది కనుక చిరునామా సాధారణంగా వాక్యం చివరకు చేరుతుంది. మనకు క్రియ చివర వస్తుంది, అందువల్ల ‘ఫలానా చిరునామాకు ఉత్తరం పంపండి’ అన్నప్పుడు చిరునామా వాక్యానికి మొదట్లోనే నిలబడుతుంది. వర్డ్ ప్రాసెసర్ అది వాక్యారంభం అనుకుని మొదటి రోమన్ అక్షరాన్ని దానంతట అదే పెద్దది చేస్తుంది. కరదీపిక గారి పరిచయ అధ్యాయంలో ‘సపోర్ట్’ మొదటి అక్షరం పెద్దది కావడానికి విభాగం పేరు మీది గౌరవం కన్నా ఈ స్వయంచాలక సవరణే కారణమై ఉండవచ్చు. నా అనువాదాలలోనూ ఇలాగే జరిగింది, సమీక్షకులు చూపించేదాకా నేను గమనించలేదు.

నేను అప్పటినుంచి రెండు జాగ్రత్తలు పాటిస్తున్నాను. ఆ సవరణను మొదటే ఆపివేస్తాను. వాక్యాన్ని కూడా ‘మీ సందేహాలను’ అనో ‘మరిన్ని వివరాలకు’ అనో మొదలుపెట్టి, చిరునామాను లోపలికి తీసుకుంటాను.

దీనితో ముడిపడిన ఇంకొక చిన్న విషయం విభక్తి. చిరునామాకు ‘కు’, ‘కి’ వంటి ప్రత్యయాన్ని అంటించి రాస్తే లంకెలు తయారుచేసే సాధనాలు కొన్ని ఆ తెలుగు అక్షరాన్ని కూడా చిరునామాలో భాగంగా మింగేస్తాయి. 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6531 తరువాత రోమనేతర లిపుల చిరునామాలూ చెల్లుతాయి కనుక ఆ సాధనాలను పూర్తిగా తప్పుపట్టలేము. ‘అనే చిరునామాకు’ అని రాస్తే ప్రత్యయం చిరునామాకు తగలదు, చదవడానికీ హాయిగా ఉంటుంది.

కరదీపిక:

తర్జుమా గారూ, పాత ప్రతులను తీసి చూశాను. మీరన్నది అక్షరాలా నిజం. చేతిరాత ప్రతిలో చిన్న అక్షరమే ఉంది, వర్డ్ ప్రాసెసర్‌లోకి ఎక్కించాకే పెద్దదైంది. విభాగం పేరు కనుక అన్న సమర్థన తరువాత పుట్టినది. వెనుక అట్ట సంగతి ఇంకా తేలాలి. అక్కడ పెద్ద అక్షరాలు కావాలనే పెట్టారు.

ఖతిప్రియ:

వెనుక అట్ట గురించి నేను చెబుతాను. నా వృత్తి పుటల రూపకల్పన. అన్నీ పెద్ద అక్షరాలైతే శీర్షికలతో కలిసిపోతుందన్న మాట నిజమే, నష్టమూ ఆ కలిసిపోవడంలోనే ఉంది. పాఠకుడు చిరునామాను మిగతా పాఠంలా చదివి వదిలేయడు, దాన్ని చూసి ఒక్కొక్క అక్షరంగా టైపు చేస్తాడు. అచ్చు కాగితం మీద ఉన్నదానికి కాపీ చేసుకునే వీలు కూడా లేదు. అన్నీ పెద్దవైనప్పుడు అక్షరాల ఎత్తు ఒకటే అయిపోతుంది, పైకి లేచే బి, డి, ఎల్ గీతలు, కిందికి దిగే జి, పి, వై తోకలు మాయమవుతాయి. కన్ను పట్టుకునే ఆనవాళ్లు తగ్గిపోతాయి. సున్నాకూ పెద్ద ఓకూ మధ్య తేడా చాలా ఖతులలో (ఫాంట్లలో) ఇంచుమించు లేనట్టే.

అలాగని చిన్న అక్షరాలతో రాస్తే అంతా క్షేమమని కూడా నేను అనను. చిన్న ఎల్, అంకె 1 అనేక ఖతులలో కవలల్లా ఉంటాయి. అక్షరాల కొనలకు చిన్న అడ్డగీతలు లేని (శాన్స్ సెరిఫ్) ఖతిలో పెద్ద ఐ, చిన్న ఎల్ ఒకే నిలువు గీత. ఆర్, ఎన్ పక్కపక్కన ఇరుకుగా పడితే ఎమ్‌లా కనిపిస్తాయి. పెద్దవీ చిన్నవీ కలగలిపితే పై రెండు రకాల ఇబ్బందులూ ఒకేసారి వస్తాయి, ఎందుకంటే నిలువు గీత కనబడితే అది ఐయా, ఎల్లా అని పాఠకుడు ఊహించాల్సి వస్తుంది. మొత్తం చిన్న అక్షరాలే అని తెలిసినప్పుడు పెద్ద ఐ అన్న అవకాశమే ఉండదు. చిన్న అక్షరాల పక్షాన నాకు కనిపించే అతి బలమైన కారణం ఇదే. మిగిలిన సందిగ్ధతను ఖతితో తీర్చాలి. చిరునామాలకు సమాన వెడల్పు ఖతిని ఎంచుకోండి, అందులోనూ సున్నాకు లోపల గీతో చుక్కో ఉన్నదాన్ని, ఎల్‌కు కింద కొక్కెం ఉన్నదాన్ని ఎంచుకోండి.

అట్ట మీద చిరునామాకు ప్రాధాన్యం కావాలంటే పరిమాణం పెంచవచ్చు, మందం పెంచవచ్చు, రంగు మార్చవచ్చు. ఇవేవీ చిరునామాలోని అక్షరాలను తాకవు.

శ్రవణరేఖ:

నేను తెర మీది పాఠాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదువుతాను, కాబట్టి నా అనుభవం కొంచెం భిన్నం. చిన్న అక్షరాలతో నాలుగైదు మాటలు కలిపి రాసిన చిరునామాను నా యంత్రం ఒకే అర్థంకాని మాటగా పలుకుతుంది. మధ్యలో ప్రతి మాట మొదటి అక్షరం పెద్దదిగా ఉంటే అక్కడ విరిచి చదువుతుంది, వెంటనే బోధపడుతుంది. హ్యాష్‌ట్యాగులను అలా రాయమని ఎంతోమంది కోరడానికి కారణం ఇదే. కాబట్టి అన్నిచోట్లా చిన్న అక్షరాలే అన్న నియమం నా వంటివారికి కొంత నష్టం చేస్తుందని నమోదు చేస్తున్నాను. అన్నీ పెద్ద అక్షరాలైతే మాత్రం అంతకన్నా కష్టం. చిన్న మాటలను సంక్షిప్త నామాలనుకుని ఒక్కొక్క అక్షరంగా చదివే యంత్రాలున్నాయి.

తపాలాద్వారం:

శ్రవణరేఖ గారూ, మీ మాటలో బలం ఉంది. మాట మొదట పెద్ద అక్షరం పెట్టడం ప్రమాణాలకూ కొత్త కాదు. 1982 నాటి ఆర్‌ఎఫ్‌సీ 821 ఉదాహరణలలో ‘స్మిత్’, ‘జోన్స్’ పెద్ద అక్షరంతో మొదలవుతాయి, డొమైనులోని ‘ఆల్ఫా’ కూడా అలాగే ఉంటుంది, దాని వెనుకనున్న ‘ఆర్పా’ పూర్తిగా పెద్ద అక్షరాలలో ఉంటుంది. 2008లో వచ్చిన 5321లో స్మిత్, జోన్స్ పెద్ద అక్షరాలు నిలుపుకున్నారు, డొమైను మాత్రం పూర్తిగా చిన్న అక్షరాలకు దిగింది. ఈ 26 ఏళ్లలో వాడుక ఎటు నడిచిందో ఆ ఉదాహరణలే చూపిస్తున్నాయని నాకు అనిపిస్తుంది.

అయితే మన చిరునామాలో మాటలు విడివిడిగా వినిపించాలంటే మరింత మేలైన దారి, పెట్టెకు పేరు పెట్టేటప్పుడే మాటల మధ్య చుక్కనో అడ్డగీతనో ఉంచడం. అప్పుడు విరుపు అక్షర భేదం మీద ఆధారపడదు. ఇప్పటికే ఉన్న పొడవైన చిరునామాకు కూడా అలాంటి మారుపేరు ఒకటి తగిలించవచ్చు.

శ్రవణరేఖ:

చుక్క ఉంటే యంత్రం దాన్ని కూడా పలుకుతుంది, అది నాకు ఇబ్బంది కాదు, సరిగ్గా టైపు చేయడానికి పనికొస్తుంది. ఈ ఏర్పాటు నాకు సమ్మతమే.

నామధేయం:

ఒక ప్రశ్న. విభాగాల చిరునామాలకు చిన్న అక్షరాలు సరే. వ్యక్తుల పేర్లతో ఉన్న చిరునామాలను కూడా అలాగే రాయడం మర్యాదేనా? మనిషి పేరు పెద్ద అక్షరంతో మొదలుకావడం ఆ లిపిలో గౌరవ చిహ్నం కదా.

తర్జుమా:

నామధేయం గారూ, ఆ గౌరవానికి చిరునామా పక్కనే చోటు ఉంది. ఈమెయిలు శీర్షికలో కోణపు బ్రాకెట్లలో చిరునామాను ఉంచి, దాని ముందు మనిషి పేరును మామూలుగా రాసే ఏర్పాటు ఎప్పటినుంచో ఉన్నదే. పత్రంలోనూ పేరును ముందు రాసి, తరువాత చిరునామాను ఇవ్వండి. అక్కడ పేరును తెలుగులోనే రాయవచ్చు, ఇంటిపేరు పూర్తిగా ఇవ్వవచ్చు. చిరునామా యంత్రానికి ఇచ్చే గుర్తు, దాని మీద మర్యాద భారం మోపనక్కరలేదు. అయితే ఒక వ్యక్తి తన చిరునామాను ఫలానా రూపంలోనే రాయమని కోరితే అలాగే రాయాలి, అది ఆయన సొత్తు.

తాళంచెవి:

చర్చ పత్రరచన వైపు సాగుతోంది కాబట్టి భద్రత కోణం నుంచి రెండు మాటలు చేరుస్తాను. ‘పెద్ద అక్షరాలైనా చిన్న అక్షరాలైనా తేడా లేదు’ అన్న వాక్యాన్ని మీ పత్రంలో ఎక్కడైనా రాయబోతుంటే దయచేసి ఆగి ఆలోచించండి.

మొదటిది, ఉత్తరాల మీద సంతకం ఫలానావారిదేనని రుజువు చేసే డిజిటల్ ధ్రువపత్రాలు. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5280 ప్రకారం ధ్రువపత్రంలోని ఈమెయిలు చిరునామాను పోల్చేటప్పుడు డొమైనులో అక్షర భేదం చూడరు, స్థానిక భాగం మాత్రం అచ్చంగా సరిపోలాలి. సంతకానికి వాడే ధ్రువపత్రాన్ని మొదటి అక్షరం పెద్దదిగా తీసుకుని, మెయిల్ ప్రోగ్రాములో చిన్న అక్షరంతో ఖాతా పెట్టుకుంటే, ఆ నియమాన్ని కచ్చితంగా పాటించే సాఫ్ట్‌వేరు రెండూ ఒకటి కావని చెప్పవచ్చు. ఉత్తరం చేరుతూనే ఉంటుంది కాబట్టి లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి చాలా సమయం పడుతుంది. ధ్రువపత్రం దరఖాస్తు గురించి రాసే అధ్యాయంలో అక్షర రూపాన్ని స్పష్టంగా పేర్కొనండి.

రెండవది, చిన్న అక్షరంగా మార్చడం అన్న పని అనుకున్నంత అమాయకమైనది కాదు. రోమన్ అక్షరాలు 26 మాత్రమే ఉన్నప్పుడు పెద్ద ఏ సంకేతం 65, చిన్న ఏ సంకేతం 97, ప్రతి జంటకూ 32 తేడా, అంతే. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి అడుగుపెట్టాక లెక్క మారుతుంది. తుర్కీ భాషలో పెద్ద ఐకి చిన్న రూపం చుక్క లేని ఐ. భాషా అమరిక తుర్కీగా ఉన్న యంత్రంలో, పెద్ద అక్షరాలతో రాసిన ‘ఇన్‌ఫో’ను ఆ భాషా నియమంతో చిన్నది చేస్తే వేరే చిరునామా తయారవుతుంది. కెల్విన్ కొలమానానికి యూనికోడ్‌లో ఉన్న ప్రత్యేక గుర్తును చిన్నది చేస్తే మామూలు కె వస్తుంది. ఇటువంటి మార్పిడులను ఆసరా చేసుకుని ఇతరుల ఖాతాలను కాజేసే వీలున్న లోపం ఒకటి వెబ్‌సైట్లు తయారుచేయడానికి వాడే జాంగో అనే సాఫ్ట్‌వేరులో బయటపడి, 2019 డిసెంబరులో సవరణ వచ్చింది. పాస్‌వర్డ్ మార్పు కోరిన వ్యక్తి టైపు చేసిన చిరునామాకు కాకుండా, ఖాతాలో నమోదైన చిరునామాకే ఉత్తరం పంపడం ఆ సవరణలో భాగం. అసలు రూపాన్ని భద్రపరచాలని తపాలాద్వారం గారు చెప్పినదానికి ఇది మరో సమర్థన.

పట్టికలపని:

మరి వాడుకరి చిరునామా నింపే ఫారం గురించి పత్రంలో ఏమి రాయాలి? ఫోనులో మొదటి అక్షరం పెద్దదైపోతోందని మాకు తరచుగా ఫిర్యాదులు వస్తున్నాయి.

తాళంచెవి:

అది పత్రంలో రాసి సరిపెట్టే విషయం కాదు, ఫారంలో సరిచేయవలసిన విషయం. ఆ పెట్టెను ఈమెయిలు రకంగా ప్రకటించండి. వెబ్ పుటలను రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ప్రకారం ఈమెయిలు రకపు పెట్టెలో కీబోర్డు అక్షరాలను తనంతట తాను పెద్దవి చేయకూడదు. మామూలు పాఠపు పెట్టెగా వదిలేసినందువల్లే మీ వాడుకరులకు ఆ ఇబ్బంది వస్తోందని అనుకుంటున్నాను.

కరదీపిక:

అందరి సలహాలనూ కలిపి మా శైలి పత్రానికి ఈ పాఠం రాసుకున్నాను. లోపాలుంటే చెప్పండి.

‘మన సంస్థ ఈమెయిలు చిరునామాలను యాట్ గుర్తుకు ఇరువైపులా చిన్న అక్షరాలలోనే రాయాలి. శీర్షికలో, పట్టికలో, అట్ట మీద కూడా ఇదే వర్తిస్తుంది. చిరునామాతో వాక్యాన్ని ప్రారంభించరాదు. ప్రత్యయాన్ని చిరునామాకు అంటించరాదు. ఇతరుల చిరునామాలను వారు ఇచ్చిన రూపంలోనే ఉంచాలి. నమూనా చిరునామాలకు ఎగ్జాంపుల్.కామ్ డొమైనును మాత్రమే వాడాలి. అక్షర భేదం వల్ల తేడా ఉండదన్న వాక్యాన్ని మన సంస్థ చిరునామాల విషయంలో తప్ప మరెక్కడా రాయరాదు.’

తపాలాద్వారం:

నమూనా డొమైను నియమం చేర్చినందుకు సంతోషం. 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2606 దాన్ని ఉదాహరణల కోసమే కేటాయించింది, ఊహించి రాసిన డొమైను ఎవరో ఒకరి సొంతమై ఉండే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

చివరి వాక్యానికి ఒక మినహాయింపు చేర్చవచ్చు. ‘పోస్ట్‌మాస్టర్’ అన్న పెట్టె పేరును ఏ అక్షరాలతో రాసినా అంగీకరించాలని 5321 ఆదేశిస్తుంది. సమాచారం, అమ్మకాలు, దుర్వినియోగ ఫిర్యాదులు వంటి సాధారణ సేవల పెట్టెలకు పేర్లు సూచించిన 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2142 కూడా వాటిలో అక్షర భేదం చూడరాదని చెబుతుంది. ఆ పేర్ల వరకు, అవి ఎవరి డొమైనులో ఉన్నా, తేడా లేదని ప్రమాణాలను చూపి రాయవచ్చు.

ఖతిప్రియ:

నియమం బాగుంది. చిరునామాలకు ఏ ఖతి వాడాలో కూడా అందులోనే ఒక మాట రాయండి, లేకపోతే తరువాతి ముద్రణలో మళ్లీ శీర్షికల ఖతి వచ్చి చేరుతుంది.

కరదీపిక:

ఖతి పేరును, పోస్ట్‌మాస్టర్ మినహాయింపును చేర్చాను. అట్ట రూపొందించినవారికి ఈ చర్చను చూపించాను. ఆయన మొదట ఒప్పుకోలేదు, కానీ పాత అట్ట మీది చిరునామాను చూసి తానే టైపు చేయబోయి సున్నా, ఓల దగ్గర ఆగిపోయారు. కొత్త అట్ట నమూనా ఇప్పుడే అందింది. చిరునామా చిన్న అక్షరాలలో, శీర్షికల కన్నా కాస్త పెద్ద పరిమాణంలో, విడిగా ఒక వరుసలో ఉంది. అంకె 1ని, ఎల్‌ను పక్కపక్కన అచ్చు వేయించి చూశాను, తేడా స్పష్టంగా తెలుస్తోంది. రేపు ముద్రణకు పంపుతున్నాను.